మా క్లబ్బులో పదవి లేనివాళ్లు

మా వాలీబాల్ క్లబ్బులో ఇవాళ పదవి లేనివి రెండే ఉన్నాయి: నెట్టు, బంతి. మిగతా ప్రతి ప్రాణికీ ఏదో ఒక పదవి ఉంది. గౌరవ అధ్యక్షుడు, అధ్యక్షుడు, ఉపాధ్యక్షులు, కార్యదర్శులు, సహాయ కార్యదర్శులు, ముఖ్య సలహాదారులు, కన్వీనర్లు, కో-కన్వీనర్లు. చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద అందరి తలకాయలూ ఉన్నాయి, బండి మీద పుచ్చకాయలు పేర్చినట్టు. బంతి బొమ్మ కూడా ఉంది పాపం. కింద మూలన, ఫ్లెక్సీ కొట్టినవాడి ఫోన్ నంబరు పక్కన.

మీ క్లబ్బుకు వాలంటీర్లు ఎట్లా దొరుకుతారు మేడం అని అప్పుడప్పుడు ఎవరో ఒకరు నన్ను అడుగుతారు. దొరకడానికేముంది, దొరుకుతారు. సైదాబాదులోనూ మలక్‌పేటలోనూ పని ముగించుకుని, నేరుగా ఇంటికి పోవడానికి మనసొప్పక, ఎవరికైనా ఉపయోగపడదామని చూసే మంచివాళ్లు కావలసినంత మంది. అసలు కష్టమంతా వాళ్లను పోగొట్టుకోవడంలో ఉంది. దానికి తెలివి కావాలి, పట్టుదల కావాలి, శాలువాలు కావాలి. మా అధ్యక్షుడి దగ్గర ఆ మూడూ ఉన్నాయి.

నేను ప్రభుత్వ బడిలో ఆటల టీచరుగా చేసి రిటైరయ్యాను. మనిషి ముఖం నేను తర్వాత చూస్తాను, ముందు కాళ్లు చూస్తాను. అది నా ఉద్యోగం నేర్పిన అలవాటు. గ్రౌండు మీదికి ఎవరు ఏం తొడుక్కుని వచ్చారు, గీత ఎక్కడ దాటారు, పిల్లలు ఆడుతుంటే పక్కగా నడిచారా, కోర్టు మధ్యలోంచి నడిచారా అన్నది చూస్తే ఆ మనిషి గురించి నాకు తెలియవలసింది చాలావరకు తెలిసిపోతుంది. మా అధ్యక్షుడు మొనదేలిన తోలు బూట్లు వేసుకుని, అమ్మాయిలు ఆట మధ్యలో ఉండగా, ఫోనులో మాట్లాడుకుంటూ కోర్టును అడ్డంగా దాటిన మనిషి. అంతకంటే నేను ఆయన గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ చెబుతాను.

అప్పట్లో మా క్లబ్బంటే కాలనీ వెనక ఒక ఖాళీ జాగా, రెండు ఇనుప గుంజలు, సాయంత్రం ఆడుకోవడానికి వచ్చే అమ్మాయిలు. కాలేజీల్లో చదివే పిల్లలు. దగ్గరి గల్లీల నుంచి కొందరు, బార్కస్ దాకా పోవాల్సినవాళ్లు కొందరు. ఆట నేను నేర్పేదాన్ని. మిగతాదంతా నడిపింది ముగ్గురు. ఒకాయన రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన. రోజూ పిల్లలు రాకముందే పైపు పట్టి నేలంతా నీళ్లు చల్లేవాడు. ఆయన చల్లకపోతే అందరం దుమ్ము తినాల్సిందే. రెండో ఆయనకు వెల్డింగు షాపు ఉంది. గుంజలు చేసింది ఆయనే. రోజూ వచ్చి నెట్టు తాడు బిగించి, మళ్లీ చీకటిపడే వేళకు విప్పి చుట్టిపెట్టేవాడు. మూడో మనిషి కండక్టరమ్మ.

ముగ్గురినీ చూసుకునే పని నాది. చూసుకోవడమంటే మా అధ్యక్షుడు తర్వాత నేర్చుకొచ్చినట్టు కాదు. వచ్చినవాళ్లను నేను పొగిడేదాన్ని కాను. పని సరిగ్గా లేకపోతే అరిచేదాన్ని. రాకపోతే మాత్రం వాళ్లింటికి పోయేదాన్ని. ఎందుకు రాలేదని అడగను. ఇంట్ల అంత మంచిగనే ఉన్నదా అని అడిగి, ఇచ్చిన చాయ్ తాగి వచ్చేస్తాను. మర్నాడు వాళ్లంతట వాళ్లే వస్తారు. ఆటకు ముందు మూల మీది హోటల్లో అందరం నిలబడి చాయ్ తాగేవాళ్లం, ఎదుటివాళ్ల పనికి వంకలు పెట్టుకుంటూ. ఆ వంకలే మాకు సన్మానం.

కండక్టరమ్మను చూసి ఎవరూ మురిసిపోరు. సిటీ బస్సులో కండక్టరు. తెల్లవారుజామున డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం దిగి, ఖాకీ చొక్కా తీయకుండానే గ్రౌండుకు వచ్చేది. గొంతు గరుకు, మాట దురుసు. ఆటలో ఆమెకు ఓనమాలు రావు. ఇప్పటికీ సర్వీసును మొదటి దెబ్బ అంటుంది. ఒక చివర అరుగు మీద కూర్చుని పల్లీలు తింటూ, పిల్లల ఆటకు సంబంధం లేని సలహాలు గట్టిగా ఇస్తుండేది. నాకు చిరాకేసేది. కానీ ఆట అయిపోగానే ఆమె లేచేది. అమ్మాయిలందరినీ వెంటబెట్టుకుని ఎవరింటి దగ్గర వాళ్లను దింపుతూ పోయేది. సైదాబాదు గల్లీలన్నీ నడక. తర్వాత మిగిలినవాళ్లతో షేర్ ఆటో ఎక్కి బార్కస్. ఆమె ఇల్లు అటే, ఇంకా ముందుకు.

ఆ దింపడంలో ఆమెకో పద్ధతి ఉంది. అమ్మాయి గుమ్మం దాటి లోపలికి పోయినా ఆమె కదలదు. బయట నిలబడి గట్టిగా పిలుస్తుంది. లోపల్నుంచి ఎవరో ఒక పెద్దవాళ్ల గొంతు "వచ్చింది" అని పలకాలి. పిల్ల తనే "నేనొచ్చేసినా, పో అత్తా" అంటే లెక్కలోకి రాదు. ఒకసారి ఒక తల్లి స్నానం చేస్తోందని మిగతా పిల్లలందరినీ గల్లీలో నిలబెట్టేసింది. నాకు ఒళ్లు మండి, పిల్ల ఇంట్ల కాలు వెట్టింది గదా, ఇంకేంది నీ లొల్లి అన్నాను.

"బస్సుల ఎట్లనో గిక్కడ గూడ గట్లనే, టీచరమ్మా," అంది. "మనిషి దిగినట్టు చూడకుంట నేను రైట్ అనను. లోపట్నుంచి పెద్దోళ్ల మాట రావాలె. గప్పుడే రైట్."

ఆ మాట మీదే మా క్లబ్బు నడిచింది. నా కోచింగు మీద నడవలేదు. ఆ తల్లులు నన్ను నమ్మి పిల్లల్ని పంపలేదు. రోజూ సాయంత్రం గుమ్మం ముందు వినబడే ఆ గరుకు గొంతును నమ్మి పంపారు.

ఆ పిల్లల్లో ఒక అమ్మాయి బార్కస్ నుంచి వచ్చేది. ఇంటర్ చదువుతోంది. ఇన్నేళ్లలో నేను చూసిన వాళ్లలో బంతిని అంత మెత్తగా లేపి, కొట్టేవాళ్లకు అంత ఒడుపుగా అందించే చేతులు ఇంకొకరికి లేవు. ఆ పిల్ల ఆడుతుంటే నాకు కడుపు నిండిపోయేది. దాచుకోవడం ఎందుకు, రిటైరయ్యాక నేను రోజూ గ్రౌండుకు పోవడానికి సగం కారణం ఆ పిల్లే. తండ్రి పని మీద ఎడారి దేశంలో ఉన్నాడు. ఇంటి వ్యవహారం మేనమామది. ఆయనకు పండ్ల దుకాణం. కుర్రతనంలో ఫుట్‌బాల్ ఆడినవాడు. ఆడపిల్ల ఆడటం గురించి ఆయనకు పేచీ లేదు. ఆయన పేచీ క్లబ్బులతో. "ఆట నాకు ఎరుకే, క్లబ్బోళ్లు గూడ నాకు ఎరుకే," అన్నాడట చెల్లెలితో. "పిల్లను కండక్టరమ్మ మాట మీద పంపు. క్లబ్బోళ్ల మాట మీద మాత్రం పంపకు." ఆ మాట విన్నాక, ఇంకా కళ్లారా చూడకముందే ఆయన మీద నాకు గౌరవం పుట్టింది.

ఇక అధ్యక్షుడు. ఆయన ఫ్లాట్లు కట్టి అమ్ముతాడు. ఏదో ఒకనాటికి కార్పొరేటరు కావాలన్నది ఆయన కోరిక. ఆ కోరికకు ఒక గ్రౌండు, కొంతమంది పిల్లలు, కొన్ని ఫొటోలు అవసరమయ్యాయి. మాకు నెట్టు, బంతులు అవసరమయ్యాయి. అట్లా ఆయన మా అధ్యక్షుడయ్యాడు. కొన్నాళ్లు ఫొటోలతోనే సరిపెట్టుకున్నాడు, మాకూ ఏ ఇబ్బందీ లేకపోయింది. అంతలో ఎవరో ఆయన్ని ఒక పెద్ద హోటల్లో సెమినారుకు పిలిచారు. మనుషులను ఎట్లా ఉత్సాహపరచాలి అన్న విషయం మీద. అక్కడ భోజనం బాగుందట. తిరిగొచ్చాక ఆయనలో ఒక వెలుగు కనిపించింది.

"మేడం, మన వాలంటీర్లకు మనం ఏమిస్తున్నం?" అన్నాడు నాతో.

"చాయ్ ఇస్తున్నం," అన్నాను.

"అదే తప్పు. వాళ్లకు గుర్తింపు గావాలె. రికగ్నిషన్. ఒక్కొక్కరికి ఒక పదవి ఇద్దాం. మీరు చూడుండ్రి, ఎట్ల పని జేస్తరో."

"పదవి ఇస్తే పని ఆగిపోతది, సార్," అన్నాను. "బడిల నేను క్లాస్ లీడర్లను మస్తు మందిని చూసిన."

ఆయన నవ్వాడు. పాతకాలం మనుషులను చూసి జాలిపడే నవ్వు అది. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

సన్మాన సభ పెట్టాడు. ఆయనదే ఫంక్షన్ హాలు. వేదిక మీద సోఫాలు, మైకు, శాలువాలు, పూలదండలు, గాజుపెట్టెల్లో మెమెంటోలు. ఆటలతో ఏ సంబంధమూ లేని ఆయన బంధువులూ ఆయన ఆఫీసు గుమాస్తాలూ ముందు వరసలో కూర్చుని ఒక్కొక్కరే పదవులు అందుకున్నారు. వాళ్ల తర్వాత మా వాళ్ల వంతు. నీళ్లు చల్లే పెద్దాయన గ్రౌండ్ ఇన్‌చార్జి అయ్యాడు. వెల్డింగు ఆయన సాంకేతిక సలహాదారు అయ్యాడు. ఇద్దరి మెడలోనూ శాలువాలు పడ్డాయి. ఇద్దరి కళ్లలోనూ నీళ్లు తిరిగాయి. పని నాశనమవుతోందని నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు గ్రౌండుకు పోతే నేల ఎండిపోయి ఉంది. పెద్దాయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, కుర్చీ తెప్పించుకుని, అందులో కూర్చుని ఉన్నాడు. పైపు పక్కనే చుట్ట చుట్టుకుని ఉంది. "నీళ్లు చల్లేటోడు ఇంక రాలేదా, మేడం?" అని నన్నే అడిగాడు. ఆయన కాళ్ల వైపు చూశాను. రోజూ రబ్బరు చెప్పులతో వచ్చే మనిషి కొత్త బూట్లు తొడిగాడు. నీళ్లలో తడుస్తాయని భయం. సాంకేతిక సలహాదారు నెట్టు వైపు దూరం నుంచి పరీక్షగా చూసి, తాడు వదులుగా ఉందని సలహా ఇచ్చాడు. బిగించలేదు. సలహాదారు బిగిస్తాడా? నేనూ ఇద్దరు అమ్మాయిలూ కలిసి బిగించాం.

వాళ్లు చెడ్డవాళ్లు కారు. అదే నాకు ఎక్కువ మంట. నిన్నటిదాకా బంగారం లాంటి మనుషులు. ఒక్క శాలువాతో ఇద్దరినీ ఎందుకూ పనికిరాకుండా చేసి కుర్చీలో కూర్చోబెట్టాడు ఆ మహానుభావుడు. పైగా వారం తిరగకముందే ఫ్లెక్సీ మీద ఎవరి బొమ్మ ఎవరి కింద పడిందని ఇద్దరికీ మాటల్లేవు. చాయ్ హోటల్ దగ్గర నేను ఒక్కదాన్నే మిగిలాను.

కండక్టరమ్మకు కూడా పదవి సిద్ధంగానే ఉండింది. మహిళా విభాగం అధ్యక్షురాలు. హాల్లో ఆమెను మైకులో పిలిచారు. ఆమె వెనక వరసలో కూర్చుని ఉంది. లేవలేదు.

"నాకు వద్దు సార్," అని అక్కడి నుంచే అరిచింది. మైకు లేకుండానే హాలంతా వినబడింది. "నా మెడల ఇప్పటికే టికెట్ మిషిన్ ఉన్నది. ఇంకోటి పట్టదు."

జనం నవ్వారు. అధ్యక్షుడు కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి. పదవి వద్దన్న మనిషిని ఆయన జీవితంలో మొదటిసారి చూశాడు. ఆ శాలువాను అప్పటికప్పుడు తన భార్య భుజాల మీద కప్పి, ఆమెను మహిళా విభాగం అధ్యక్షురాలిగా ప్రకటించాడు. ఆమె ఆ గ్రౌండులో అంతకుముందు ఎన్నడూ కాలు పెట్టి ఎరగదు.

పదవి ఇచ్చాక దానికి తగ్గ పని చూపించాలి కదా. మహిళా విభాగానికి పనేముంది? వెతగ్గా వెతగ్గా వాళ్లకు ఒకటే దొరికింది, అమ్మాయిలను ఇళ్లకు దింపడం. అధ్యక్షుడు గ్రౌండుకు వచ్చి, కోర్టు మధ్యలో నిలబడి, కండక్టరమ్మతో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"అమ్మా, మీకు పదవి లేదాయె. ఆడపిల్లల సంగతి. రేపు ఏమన్న అయితే క్లబ్బు తరఫున ఎవరు జవాబు చెప్తరు? ఇగ నుంచి మా ఇంటి మేడం కారుల దింపుతది. మీరు ఫికర్ చేయకుండ్రి."

నేను మధ్యలో పడ్డాను. "సార్, ఆమె ఉన్నదనే పిల్లలను పంపుతుండ్రు," అన్నాను. ఆయన నా వైపు చెయ్యెత్తి ఆగమన్నాడు. కండక్టరమ్మ ఒక్క క్షణం పిల్లల వైపు చూసింది. చేతిలో ఉన్న పల్లీల పొట్లం నాకిచ్చి, "మంచిది," అని వెళ్లిపోయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేదని అనుకున్నాను.

మొదటి రోజు కారు వచ్చింది. ఫొటోగ్రాఫరు కూడా వచ్చాడు. అధ్యక్షుడి భార్య కారు తలుపు తీసి పట్టుకుంటే అమ్మాయిలు ఎక్కుతున్న ఫొటో సాయంత్రానికల్లా అందరి ఫోన్లలో తిరిగింది. రెండోరోజు ఫొటో అవసరం తీరింది కాబట్టి ఆమెకు తలనొప్పి వచ్చింది. డ్రైవరు ఒక్కడే వచ్చాడు. సైదాబాదు పిల్లలు ఆ కారు ఎక్కకుండా తోడు తోడుగా నడిచి పోయారు. బార్కస్ అమ్మాయి దూరం కాబట్టి ఎక్కింది. వాళ్ల గల్లీలోకి కారు పట్టదు. మెయిన్ రోడ్డు మీద ఆపి, "ఇక్కడ దిగు," అన్నాడట డ్రైవరు. ఆ పిల్ల దిగి, ఒక్కతే నడుచుకుంటూ ఇంటికి పోయింది.

దారిలో ఏమీ జరగలేదు. ఎవరూ ఏమీ అనలేదు. క్షేమంగానే ఇల్లు చేరింది. కానీ ఆ సాయంత్రం గుమ్మం ముందు ఎవరూ పిలవలేదు. పరదా వెనక తల్లి ఆ పిలుపు కోసం చూస్తూ కూర్చుంది. మేనమామ అప్పుడే దుకాణం నుంచి వచ్చి ఉన్నాడు. ఎవరు దింపిండ్రు అని అడిగాడు. కారు అంది పిల్ల. కారు ఎవరిది, నడిపింది ఎవరు? పిల్లకు తెలియదు. ఆయన గద్దించలేదు. చెల్లెలి వైపు చూసి, "చెప్పిన గదా, క్లబ్బోళ్లు," అన్నాడట. అంతే. మర్నాటి నుంచి ఆ పిల్ల రాలేదు. తనే నాకు ఫోన్ చేసి చెప్పింది. తర్వాత మిగతా ఇళ్లవాళ్లూ ఒక్కొక్కరే మానేశారు. గ్రౌండులో నెట్టు ఉంది, కన్వీనర్లు ఉన్నారు, ఆడేవాళ్లు లేరు. అధ్యక్షుడు మాత్రం ఒక ఫ్లెక్సీ కొట్టించాడు: మన అమ్మాయిల భద్రత, మన బాధ్యత.

ఆయన కళ్లు తెరుచుకున్నది ఒక పెద్ద నాయకుడు గ్రౌండుకు వస్తున్నాడని ఖాయమయ్యాకే. మహిళా జట్టుకు సన్మానమట. జట్టు ఎక్కడుంది? అప్పుడు నా ఇంటికి పరుగెత్తుకొచ్చాడు. మేడం, మీరే ఎట్లన్న జేయాలె అన్నాడు. ముందు బార్కస్ పోదాం అన్నాను. ఆయన స్వీటు డబ్బా, శాలువా పట్టుకుని బయల్దేరాడు. గల్లీ చివర కారు దిగి నడుస్తుంటే ఆ మొనదేలిన బూట్లు ప్రతి నీటిగుంటకూ పక్కకు జరుగుతున్నాయి.

ఆ ఇంట్లో మర్యాదగా కూర్చోబెట్టారు. తాగడానికి కహ్వా ఇచ్చారు. తల్లి పరదా అవతల ఉంది. మేనమామ మా ఎదురుగా కూర్చున్నాడు. అధ్యక్షుడు క్లబ్బు గొప్పతనం గురించి, తన సేవ గురించి చెప్పుకుంటూ పోయాడు. మేనమామ కహ్వా తాగుతూ విన్నాడు. చివరికి ఆయన తన దగ్గరున్న ఒకే ఒక్క మందును బయటికి తీశాడు.

"అమ్మగారికి మా మాతృ సంఘం గౌరవ అధ్యక్షురాలు పోస్టు ఇస్తం, భాయ్," అన్నాడు.

నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మేనమామ కప్పు కింద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా నా వైపు తిరిగి, "కండక్టరమ్మ మంచిగున్నదా, టీచర్?" అని అడిగాడు. అధ్యక్షుడితో మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. వస్తుంటే పరదా అవతలి నుంచి తల్లి గొంతు వినిపించింది. "ఆమె వస్తదా ఇగ?"

మర్నాడు ఆయన్ని కండక్టరమ్మ బస్సు ఎక్కించాను. అడ్రసు తెలుసుకుని ఇంటికి పోదామన్నాడు కానీ, ఆమె డ్యూటీలో ఎట్లా ఉంటుందో ఆయన చూడాలని నాకు పంతం. మలక్‌పేటలో ఎక్కాం. బస్సు నిండా ఆడవాళ్లు. ఆమె నాకు జీరో టికెట్ కొట్టిచ్చింది. ఆయన ముందు చెయ్యి చాపి నిలబడింది.

"టికెట్ తీసుకోండ్రి సార్. ఆడోళ్లకే ఫ్రీ."

ఆయన జేబులు తడుముకున్నాడు. చిల్లర లేదు. చివరికి ఆయన టికెట్ నేనే తీశాను. ఎవరో భుజం మీద వాలుతుంటే, పైన కమ్మీ పట్టుకుని వేలాడుతూ, ఆయన క్లబ్బు కష్టాలు చెప్పాడు. జరిగిందేదో జరిగింది, మీరు మళ్లీ రావాలె అన్నాడు. పదవి మాట మళ్లీ ఎత్తబోతుంటే నేను కాలు తొక్కాను.

"నేనెక్కడికి పోయిన సార్?" అందామె. "మీరే దించిండ్రు. జరుగుండ్రి ముందుకు, డోర్ కాడ నిలవడకుండ్రి." తర్వాత నా వైపు చూసింది. "ఫంక్షన్ గింక్షన్ నాకు ఎరుకలేదు, టీచరమ్మా. డ్యూటీ దిగి ఇండ్లకు పోయి పిలుస్త. పంపితే పంపుతరు. లేకుంటే లేదు."

అన్నట్టే పిలిచింది. ఒక్కొక్క గుమ్మం ముందు నిలబడి, తల్లులు లోపల్నుంచి పెట్టిన చీవాట్లన్నీ తిని, మళ్లీ పిలిచింది. సైదాబాదు పిల్లలు ఒక్కొక్కరే తిరిగి రావడం మొదలుపెట్టారు. బార్కస్‌లో మాత్రం తలుపు తెరుచుకోలేదు. అయినా రోజూ డ్యూటీ అయ్యాక, గ్రౌండుకు వచ్చేముందే ఆ గల్లీ దగ్గర ఆటో దిగి, గుమ్మం ముందు నిలబడి, పిల్ల పేరు పెట్టి పిలిచేది. లోపల్నుంచి తల్లి గొంతు, "ఆజ్ నక్కో అమ్మా," అనేది. ఇవాళ వద్దు అని. సరే అని కండక్టరమ్మ గ్రౌండుకు వచ్చేది. మర్నాడు మళ్లీ పిలిచేది. ఎందుకమ్మా ఈ తిప్పలు అని నేనన్నాను. వద్దన్నది ఇయ్యాలకే గదా అంది.

ఈలోపు సన్మానం రానే వచ్చింది. నాయకుడి ముందు జట్టు నిండుగా కనబడాలని అధ్యక్షుడు తన భార్యకు తెలిసిన డాన్సు క్లాసు అమ్మాయిలను తెప్పించి మా జెర్సీలు తొడిగించాడు. వాళ్లలో ఒక పిల్ల బంతిని బిందె లాగా చంకన పెట్టుకుని నిలబడింది. నాయకుడు అందరికీ శాలువాలు కప్పాడు, ఇలాంటి క్రీడాకారిణులే దేశానికి గర్వకారణమన్నాడు. మా అసలు పిల్లలు గోడ పక్కన నిలబడి చూశారు. నేను నవ్వలేదు. ఆ రోజు నాకు నవ్వు రాలేదు, అసహ్యం వేసింది.

తర్వాత కొన్నాళ్లకు ఒక సాయంత్రం, ప్రాక్టీసు మొదలుపెట్టబోతుండగా, కండక్టరమ్మ వెనక బార్కస్ అమ్మాయి నడిచి రావడం చూశాను. బూట్ల లేసులు ఇంటి దగ్గరే గట్టిగా కట్టుకుని వచ్చింది. మామకు చెప్పకుండా తల్లి తన పూచీ మీద పంపిందట. మామకు నేను చెప్పుకుంట, నువ్వు పో అన్నదట. ఆ ఒక్క సాయంత్రానికే పంపింది, రేపటి సంగతి మామ ఏమంటాడన్నదాని మీద ఉంది. ఆ పిల్ల ఆడింది. ఎన్నాళ్లో తాకని బంతి మొదట చేతికి కుదరలేదు, తర్వాత కుదిరింది. నాకు కళ్లు తడిశాయి. ఈల ఊది దాచుకున్నాను.

ఆట అయిపోయే వేళకు అధ్యక్షుడికి ఎవరో చేరవేశారు. ఫొటోగ్రాఫరుతో, శాలువాతో, ఆయాసపడుతూ వచ్చాడు, మళ్లీ కోర్టు మధ్యలోంచే. "అమ్మా, కండక్టరమ్మా, ఒక్క ఫొటో! మీకు ఉత్తమ వాలంటీరు అవార్డు ఇస్తున్నం!" కండక్టరమ్మ అప్పటికే పిల్లల్ని వరసలో నిలబెట్టింది. టైమయింది సార్ అని, తిరిగి కూడా చూడకుండా నడిచింది. ఆయన శాలువా చేతి మీద వేలాడేసుకుని నిలబడిపోయాడు. కుర్చీల్లో ఇన్‌చార్జీ, సలహాదారూ నేల చూపులు చూస్తున్నారు.

"మేడం, చీకటి పడుతున్నది, నెట్టు ఎవరు విప్పుతరు?" అన్నాడు నాతో.

"మీరే విప్పాలె," అని చెప్పి నేను వాళ్ల వెనక పరుగుపెట్టాను. గేటు దగ్గర తిరిగి చూస్తే ఆయన ముడి ఎటు లాగాలో తెలియక గుంజ చుట్టూ తిరుగుతున్నాడు. పెద్దాయన మాత్రం కుర్చీలోంచి లేచి, కొత్త బూట్లు విప్పుకుంటున్నాడు.

సైదాబాదు ఇళ్లన్నీ అయ్యాయి. ప్రతి గుమ్మం దగ్గరా పిలుపు, లోపల్నుంచి జవాబు. చివరికి ఆటోలో మేం ముగ్గురమే మిగిలాం. బార్కస్ గల్లీలో ఆ ఇంటి ముందుకు వచ్చేసరికి గుమ్మం పక్కన మగవాళ్ల చెప్పులు కనిపించాయి నాకు. మేనమామ ఇంట్లోనే ఉన్నాడు. పిల్ల కూడా చూసింది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని, వదిలి, లోపలికి పోయింది. పరదా పడింది.

కండక్టరమ్మ ఎప్పటిలాగే పిలిచింది. లోపల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు. ఎవరూ పలకలేదు. ఆమె కదలకుండా నిలబడింది. మళ్లీ పిలిచింది, ఇంకొంచెం గట్టిగా. పక్కింటి తలుపు తెరుచుకుని ఎవరో తొంగిచూశారు. పద పోదాం అని నేను ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె విదిలించుకుంది.

అప్పుడు లోపల్నుంచి గొంతు వచ్చింది. తల్లిది కాదు, మేనమామది.

"ఆగయీ," అన్నాడు. వచ్చింది అని. "కల్ కిత్తే బజే ఆతే, అమ్మా?" రేపు ఎన్ని గంటలకు వస్తావని.

"గిదే టైముకు, భాయ్," అంది కండక్టరమ్మ.

లోపల గొళ్లెం పడిన చప్పుడు వినబడేదాకా ఆగి, నా వైపు తిరిగి, "రైట్," అంది.